ఆఫర్ ఒక చేత్తో, వసూలు రెండో చేత్తో: కారు డీలర్లకు, కంపెనీలకు, రవాణా అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కారు డీలర్‌షిప్ యజమానులకు,
కారు కంపెనీల ప్రాంతీయ అమ్మకాల అధికారులకు,
రెండు రాష్ట్రాల రవాణా శాఖ అధికారులకు

నమస్కారం.

మొదటిసారి కారు కొనేవాళ్లకు కొటేషన్లు చదివిపెట్టడం, లోన్ కాగితాలు, ఇన్సూరెన్స్ పాలసీలు సరిచూడటం, డెలివరీకి ముందు బండిని పరీక్షించి చెప్పడం మా పని. కొన్నవాళ్ల చేత షోరూమ్ ఫిర్యాదు పుస్తకాల్లో రాయించాం. కంపెనీల కస్టమర్ కేర్‌కు మెయిళ్లు పెట్టించాం. టికెట్ నెంబర్లు వచ్చాయి, 'మీ సమస్య పరిష్కారమైంది' అనే మెసేజీలూ వచ్చాయి. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు, పద్ధతీ మారలేదు. అందుకే ఇక నలుగురిలో రాస్తున్నాం.

మా ఫిర్యాదు ధర ఎక్కువని కాదు. ధర ఎంతో ముందే చెప్పరని. కారు వ్యాపారంలో డీలర్‌కు లాభం ఉండాలి, షోరూమ్ అద్దె కట్టాలి, జీతాలివ్వాలి, దాని మీద మాకు పేచీ లేదు. పదేళ్లు చీటీలు కట్టి, పొలం మీద వచ్చింది దాచి, లేదా ఉద్యోగంలో చేరి నాలుగేళ్లకు ధైర్యం చేసి వచ్చిన మనిషికి తాను దేనికి ఎంత కడుతున్నాడో తెలియకుండా చేయడమే పేచీ.

1. కొటేషన్ అడిగితే కాల్క్యులేటర్ చూపిస్తారు.

షోరూమ్ మెట్లెక్కగానే కాఫీ వస్తుంది, టెస్ట్ డ్రైవ్ వస్తుంది, కాగితం మాత్రం రాదు. సేల్స్ కుర్రాడు కాల్క్యులేటర్ మీద టకటకా కొట్టి, దాన్ని మనవైపు తిప్పి, 'అన్నా, అన్నీ కలిపి ఆన్-రోడ్ ఇంత పడుతుంది, మీకు 30 వేలు తగ్గిస్తున్నా' అంటాడు. రాసిమ్మంటే విజిటింగ్ కార్డు వెనక ఒకే ఒక అంకె వేసిస్తాడు. ఆడవాళ్లు ఒంటరిగా వెళితే ఆ అంకె కూడా చెప్పకుండా 'సార్ ఎప్పుడొస్తారు మేడమ్?' అని అడిగే షోరూములు ఇంకా ఉన్నాయి.

ఆ ఒక్క అంకె లోపల ఏముంటుందో మచ్చుకి ఒక లెక్క వేసి చూపిస్తాం. ఇది ఫలానా షోరూమ్‌ది కాదు, మా ముందుకొచ్చే కాగితాల తీరు ఇలా ఉంటుంది. 1197 సీసీ పెట్రోల్ కారు, ఎక్స్-షోరూమ్ ధర (రోడ్డు పన్ను, ఇన్సూరెన్స్ కలపకముందు బండి ధర) 7,50,000 అనుకుందాం. లైఫ్ ట్యాక్స్ (ఒక్కసారే కట్టే రోడ్డు పన్ను) 14 శాతం లెక్కన 1,05,000. 'రిజిస్ట్రేషన్ అండ్ అదర్స్' 12,000. ఇన్సూరెన్స్ 46,000. 'బేసిక్ కిట్' 24,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,000. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500. ఫాస్టాగ్ 600. మొత్తం 9,60,100. అందులో 'స్పెషల్ ఆఫర్' 30,000 తీసేస్తే 9,30,100.

ఇప్పుడు అదే కారుకు కట్టక తప్పనివి, నిజంగా అవసరమైనవి మాత్రమే తీసుకోండి. ఎక్స్-షోరూమ్, లైఫ్ ట్యాక్స్ కలిపి 8,55,000. రిజిస్ట్రేషన్ రుసుములు, కార్డు, తపాలా, లోన్ నమోదు అన్నీ కలిపి 3,500 వేసుకోండి. జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్ (ఇవేంటో మూడో భాగంలో చెబుతాం) కలిపి బయట దొరికే పాలసీ 33,000 అనుకోండి. ఫాస్టాగ్ 600. అదే 30,000 ఆఫర్ తీసేస్తే 8,62,100. రెండింటికీ తేడా 68,000. ముప్పై వేలు తగ్గించామని చెప్పి స్వీటు పెట్టిన చోటే అరవై ఎనిమిది వేలు వెనక్కి లాగారన్నమాట. మొదటి కారు కొనేవాడు బేరమంతా ఆ 30 వేల మీదే ఆడతాడు. అసలు బేరం జరగాల్సింది కింది వరుసల్లో అని అతనికి చెప్పేవాళ్లు ఉండరు.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ వరకు ఉన్న బళ్లకు అంతకుముందు 28 శాతం, ఆపైన సెస్ ఉండేవి. ఆ తగ్గింపు కొనేవాడికి అందిందంటే, ఎక్స్-షోరూమ్ ధర అందరికీ కనిపించే వరుస కాబట్టి. కనిపించని వరుసలకు ఆ కాపలా లేదు.

2. హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, ఫెసిలిటేషన్. పేరు మారినా వసూలు ఒకటే.

బండిని ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కు తేవడం, కడగడం, నెంబరు ప్లేటు బిగించడం అమ్మేవాడి పని. ఆ ఖర్చు ఎక్స్-షోరూమ్ ధరలోనే ఉంది. హ్యాండ్లింగ్ చార్జీలు విడిగా వసూలు చేస్తే వెనక్కివ్వాలని వినియోగదారుల కమిషన్లు పలు కేసుల్లో చెప్పాయి. గట్టిగా అడిగినవాడికి షోరూమ్ కూడా ఈ వరుస కొట్టేస్తుంది. అంటే అది కట్టాల్సింది కాదని షోరూమ్‌కూ తెలుసు. అడగడం రాని ఊరి మనిషి దగ్గర తీసుకుంటున్నారు, అంతే.

'రిజిస్ట్రేషన్' వరుస ఇంకో చీకటి గది. కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ రుసుము 600 రూపాయలు, లోన్ ఉంటే హైపోథికేషన్ (బండి అప్పిచ్చినవాళ్ల తాకట్టులో ఉందన్న) నమోదుకు 1,500. వాటికి కార్డు, సర్వీసు చార్జీలు, తపాలా తోడవుతాయి. ఇవన్నీ రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో కట్టేవే, ప్రతి రూపాయికీ రసీదు పుడుతుంది. కొత్త బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తు డీలరే పెట్టాలని మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ చెబుతోంది కాబట్టి 'ఏజెంట్ ఖర్చు' అన్నమాటకు తావే లేదు. మరి 12,000 దేనికని అడిగితే 'సార్, ఆర్టీఏ ఖర్చులుంటాయి కదా' అని గొంతు తగ్గించి నవ్వుతారు. రవాణా అధికారులారా, ఆ నవ్వు మీ పేరు మీద నవ్వుతున్నది.

10 లక్షలు దాటిన బండికి ఇంకో సంగతి ఉంది. లైఫ్ ట్యాక్స్ శాతమే పైకి వెళ్తుంది, దానికితోడు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు కొనేవాడి దగ్గర ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. ఆ టీసీఎస్ కొనేవాడి పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుకుంటుంది లేదా వెనక్కొస్తుంది. 12 లక్షల కారుకు 12 వేలు. ఈ ముక్క చెప్పకుండా దాన్నీ ఖర్చుగానే చూపించేస్తారు. సర్టిఫికెట్ అడిగితే అకౌంట్స్ వాళ్లను కలవమంటారు.

3. ఇన్సూరెన్స్. పెద్ద మొత్తం పోయేది ఇక్కడే, కాబట్టి వివరంగా రాస్తున్నాం.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) 2018 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి. సొంత బండికి జరిగే నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ భాగం ఒక్క ఏడాదికి చాలు. మూడేళ్ల ఓన్ డ్యామేజ్ ప్యాకేజీని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 ఆగస్టు 1 నుంచి తీసేసింది. థర్డ్ పార్టీ ప్రీమియం ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం మూడేళ్లకు 1000 సీసీ వరకు 6,521, 1500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596. పై ఉదాహరణలోని 1197 సీసీ కారుకు 18 శాతం జీఎస్టీ కలిపి 12,555 అవుతుంది. దీని మీద బేరం లేదు. షోరూమ్ పాలసీకీ బయటి పాలసీకీ తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో, దానికి అదనంగా తగిలించే కవర్లలో, అంటే యాడ్-ఆన్లలో ఉంటుంది.

తేడా ఎలా దాస్తారంటే, మొదటిది ఐడీవీ, అంటే బండి మొత్తం పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే బండి విలువ. ఆరు నెలల లోపు బండికి తయారీదారు ధరలో 5 శాతం తగ్గించి ఐడీవీ కడతారు. 7,50,000 కారుకు 7,12,500 ఉండాలి. 'మీ కోసం ప్రీమియం తగ్గించాం' అని చూపించే పాలసీలో ఐడీవీ ఆరున్నర లక్షలకు జారిపోయి ఉంటుంది. బండి దొంగలపాలైతే వచ్చేది ఆ ఆరున్నరే, బ్యాంకు అప్పు మాత్రం అలాగే నిలబడుతుంది. రెండోది యాడ్-ఆన్ల మూట. జీరో డిప్రిసియేషన్ తీసుకోవాల్సిందే. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మన జేబులోంచే పోతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా మన ఊళ్లలో అవసరమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. బండి మునిగితే మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలోనే పరిహారం ఉంది. కానీ నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అని నష్టం లెక్కగట్టే సర్వేయర్ రాస్తాడు. ఆ ఖర్చుకు అడ్డుపడేది ఇంజిన్ ప్రొటెక్షన్ ఒక్కటే. తాళంచెవి పోతే ఇచ్చే కవరు, బండిలో సామాను పోతే ఇచ్చే కవరు, టైరు కవరు ఇవన్నీ కొనేవాడి ఇష్టం. వాటిని అడగకుండా కలిపేసి అంతా 'బంపర్ టు బంపర్' అంటారు. మూడోది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అది ఇప్పటికే వేరే పాలసీలో ఉన్నవాళ్లు మళ్లీ కొనక్కర్లేదని ఏ కౌంటర్లోనూ చెప్పరు.

'బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు సార్' అన్నది పచ్చి అబద్ధం. రిపేరు బిల్లును ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కు కట్టడమే క్యాష్‌లెస్. క్యాష్‌లెస్ ఆ వర్క్‌షాప్‌కూ ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఉన్న ఒప్పందాన్ని బట్టి వస్తుంది, పాలసీ ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి కాదు. వర్క్‌షాప్ పేరు చెప్పి ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్ జాబితాలో చూసుకుంటే రెండు నిమిషాల పని. ఫలానా పాలసీయే కొనాలని డీలరు బలవంతపెట్టకూడదని 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయినా 'ఇన్సూరెన్స్ మా దగ్గర తీసుకోకపోతే ఆఫర్ వర్తించదు' అని నోటితో అంటారు. కాగితం మీద ఎప్పుడూ రాయరు.

4. యాక్సెసరీల కిట్.

మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, డోర్ వైజర్లు, కారు పెర్ఫ్యూమ్ ఒక డబ్బాలో పెట్టి 24 వేలు. 'కిట్ లేకుండా బండి రాదు, స్టాకు అలాగే వచ్చింది' అంటారు. కంపెనీ ధరల పట్టిక ముందు పెట్టి, కావాల్సినవి ఎంచుకోమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బయట బిగిస్తే వారంటీ పోతుందని బెదిరించడమే అభ్యంతరం. వైరింగ్ కోసి హారన్లు, లైట్లు కలిపితే ఆ సర్క్యూట్ వారంటీకి నిజంగానే ఇబ్బంది. వైరు కోయకుండా కప్లర్‌కు కప్లర్ తగిలించే వాటికి కాదు. మ్యాట్లకు అసలే కాదు.

ప్రాణం మీదికి వచ్చే విషయాలు మాత్రం ఇదే కౌంటర్లో చెప్పరు. సైడ్ ఎయిర్‌బ్యాగులు సీటు పక్కనుంచే విచ్చుకుంటాయి. దానికి తగ్గ చీలిక కుట్టు లేని కవరు తొడిగితే ఆ ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోదు. ముందు బిగించే ఇనుప గార్డులు చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. దెబ్బ ఎయిర్‌బ్యాగ్ సెన్సరుకు చేరాల్సిన తీరును ఆ గార్డు మార్చేస్తుంది. అండర్‌బాడీ కోటింగ్ పేరుతో డోర్ల కింద నీరు కారే రంధ్రాలు పూడ్చేసిన బళ్లను చూశాం. తుప్పు పట్టకుండా డబ్బు కడితే తుప్పు పట్టే ఏర్పాటు జరిగింది.

5. లోన్ టేబుల్.

ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న 'నెలకు ఎంత కట్టగలరు సార్?' దానికి జవాబు చెప్పిన మనిషి బేరం ఓడిపోయినట్టే. అతను చెప్పిన అంకెకు సరిపడేలా సంవత్సరాలు సాగదీస్తారు. 6 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ. అయిదేళ్లకైతే ఈఎంఐ 12,455, మొత్తం కట్టేది 7,47,300. ఏడేళ్లకైతే ఈఎంఐ 9,653, మొత్తం 8,10,900 దాకా. నెలకు 2,800 తక్కువ అనిపించినదానికి 63 వేలు ఎక్కువ పోతాయి. ఏడేళ్ల అప్పే 10 శాతానికి తీసుకుంటే ఇంకో 25,800 చిల్లర. సొంత బ్యాంకులో 9కి దొరికే అప్పు షోరూమ్ టేబుల్ మీద 10కి దొరికితే మధ్యలో ఆ ఒక్క శాతం ఎవరికి చేరుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకా దారుణం ఫ్లాట్ రేటు. '6 శాతమే సార్' అంటారు. 6 లక్షలకు ఏడాదికి 36,000 చొప్పున అయిదేళ్లకు 1,80,000 వడ్డీ, ఈఎంఐ 13,000. అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే నడుస్తుంది. తగ్గే అప్పు మీద లెక్కేస్తే అది 11 శాతానికి కాస్త తక్కువ. అంటే 6 శాతం అని విన్నవాడు 9 శాతం కట్టేవాడికన్నా నెలకు 545 ఎక్కువ కడుతున్నాడు.

ఈ మోసానికి మందు ఇప్పటికే ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ప్రతి రిటైల్ అప్పుకూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల కాగితం) ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ శాతం అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు నిలబడాలి. అందులో రాయని చార్జీ అతని ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. షోరూమ్ లోన్ టేబుల్ మీద తెలుగులో ఆ కాగితం పెట్టినవాళ్లు మాకు ఇంతవరకు తగల్లేదు. ట్యాబ్ ఇచ్చి, 'ఇక్కడ వేలితో సంతకం పెట్టండి, ఇక్కడ, ఇక్కడ' అంటారు. ఆ పైన, ఒక్క దరఖాస్తును ఒకే రోజు నాలుగు బ్యాంకులకు పంపుతారు. నాలుగు ఎంక్వైరీలు సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్రలో పడతాయి, మొదటి అప్పు తీసుకునే కుర్రాడి స్కోరు అక్కడే దెబ్బతింటుంది.

6. బండి చూపించే ముందే డబ్బంతా కట్టించుకోవడం.

వరుస ఇలా ఉండాలి: చాసిస్ నెంబరు కేటాయింపు, స్టాక్‌యార్డ్‌లో బండి పరీక్ష, మిగతా డబ్బు, ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, డెలివరీ. జరిగేది వేరు. ముందు డబ్బు, ఆ వెంటనే ఇన్వాయిస్, ట్యాక్స్. బండిని కళ్లతో చూసేది డెలివరీ రోజు. అప్పటికి ఆ చాసిస్ నెంబరు అతని పేరు మీద ప్రభుత్వ రికార్డులకు ఎక్కి ఉంటుంది. లోపం కనిపించినా వద్దనే దారి ఉండదు.

ముహూర్తం సంగతి మీకు మాకన్నా బాగా తెలుసు. ఆషాఢంలో ఫోన్లు చేసి బతిమాలేదీ మీరే, శ్రావణం రాగానే 'స్టాకు లేదు' అనేదీ మీరే. పంతులుగారు పెట్టిన టైముకు అరగంట ముందు, అప్పుడే కడిగి తడి ఆరని బండిని షోరూమ్ లైట్ల కింద పెట్టి గుడ్డ తొలగిస్తారు. తడి మీద గీతలు కనపడవు. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక, ఇంట్లో అమ్మమ్మ ముందు సీట్లో కూర్చున్నాక, బంపర్ మీద రంగు తేడాగా ఉందని ఎవరు నోరు విప్పుతారు?

పట్టపగలు స్టాక్‌యార్డ్‌లో ముప్పావు గంట చాలు. చాసిస్ నెంబరు 17 అక్షరాలు. చాలా కంపెనీల్లో పదో అక్షరం సంవత్సరం: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. నెల ఎక్కడ ఉంటుందో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కాబట్టి ఫారం 21 (డీలరిచ్చే అమ్మకం సర్టిఫికెట్)లో తయారైన నెల, ఏడాది చూసి సరిపోల్చాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 3225 అంటే 2025లో 32వ వారం. స్టెప్నీతో సహా అయిదు టైర్లూ దగ్గరదగ్గర వారాలవి కావాలి, బండి తయారైన నెల తర్వాతివి కాకూడదు. ఒక టైరు వేరే ఉందంటే కారణం అడగాలి. అద్దాల మీద గుర్తులు ఒకేలా ఉన్నాయా, బానెట్, డోర్ల బోల్టుల తలల మీద రంగు లేచిందా చూడాలి. స్పానరు పడితే రంగు లేస్తుంది, అంటే ఎవరో విప్పి బిగించారు. మ్యాట్ ఎత్తి చేత్తో తడిమితే, ముక్కుతో వాసన చూస్తే తడి తెలిసిపోతుంది. నెలల తరబడి కదలకుండా నిలబడిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకవైపు చదునెక్కుతాయి. ఓడోమీటర్ వందలు దాటితే అది టెస్ట్ డ్రైవ్ బండి కావచ్చు. రెండు తాళాలు, జాకీ, స్పానరు, త్రిభుజం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె లెక్కపెట్టుకోవాలి.

పోయిన ఏడాది నవంబరులో తయారైన బండిని ఈ ఏడాది ఫిబ్రవరిలో అమ్మడం తప్పు కాదు. అది చెప్పకుండా ఈ ఏడాది ధరకు అమ్మడం తప్పు. అయిదేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అడిగేది తయారైన ఏడాదే. ఆ నష్టం అప్పటిదాకా కనిపించదు.

7. బుకింగ్ డబ్బు.

చిన్న మాటే కానీ చిక్కు పెద్దది. 'రిఫండబుల్ సార్' అని నోటితో చెబుతారు, రసీదు వెనక సన్న అక్షరాల్లో కోత రాసి ఉంటుంది. కొన్ని చోట్ల సేల్స్ కుర్రాడి సొంత ఫోన్‌పే నెంబరుకు వేయించుకుంటారు. అతను ఉద్యోగం మానేస్తే ఆ డబ్బు మా ఖాతాలో పడలేదంటుంది షోరూమ్.

సేల్స్ కుర్రాళ్ల మీద మాకు కోపం లేదు. అతని జీతంలో సగం ఇన్సెంటివే. ఆ ఇన్సెంటివ్ కార్ల లెక్క మీద కాదు, ఎన్ని కార్లకు ఇన్సూరెన్స్ అంటగట్టాడు, ఎన్నింటికి లోన్, ఎన్నింటికి కిట్ అన్న లెక్క మీద నడుస్తుంది. ఆ టార్గెట్లు డీలరు మీద పెట్టేది కంపెనీ. కస్టమర్ కేర్ మెయిల్‌లో 'ఇది డీలర్‌కూ మీకూ మధ్య వ్యవహారం' అని రాసేదీ ఆ కంపెనీయే.

కాబట్టి మేం కోరేవి ఇవి.

డీలర్లను:

అ) బుకింగ్ డబ్బు తీసుకోకముందే ఒకే పేజీ కొటేషన్, తెలుగులో, షోరూమ్ ముద్రతో ఇవ్వండి. ప్రతి వరుస పక్కన 'తప్పనిసరి' లేదా 'మీ ఇష్టం' అని రాయండి. ఆఫర్ ఎంతో, దేనికి షరతో అదే కాగితం మీద ఉండాలి. ఆ తగ్గింపు ట్యాక్స్ ఇన్వాయిస్‌లోనూ కనపడాలి.

ఆ) హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, ఫెసిలిటేషన్ ఏ పేరుతోనూ వసూలు చేయకండి. రవాణా శాఖకు కట్టిన ప్రతి రసీదు కాపీ ఆర్సీతో పాటు ఇవ్వండి. మిగిలిన డబ్బు ఏడు రోజుల్లో వెనక్కి వేయండి.

ఇ) బయటి ఇన్సూరెన్స్, బయటి లోన్ తెచ్చుకున్నవారికీ అదే ఆఫర్ ఇవ్వండి.

ఈ) చాసిస్ నెంబరు రాసిచ్చి, పగటిపూట స్టాక్‌యార్డ్‌లో బండి చూపించాకే మిగతా డబ్బు అడగండి. లోపం ఉంటే ఇన్వాయిస్ కాకముందే వేరే చాసిస్ ఇవ్వండి.

ఉ) డబ్బు షోరూమ్ ఖాతాకే. ఖాతా నెంబరు, క్యూఆర్ కోడ్ కొటేషన్ మీదే అచ్చు వేయండి. బుకింగ్ రద్దుకు కోత ఉంటే అంకెల్లో, పెద్ద అక్షరాల్లో రాయండి.

కంపెనీలను:

ఊ) ఇన్సూరెన్స్, లోన్, కిట్ టార్గెట్లను డీలరు మార్జిన్‌తో ముడిపెట్టడం ఆపండి. చాసిస్ నెంబరు కొడితే తయారైన నెల, ఏడాది చూపించే పేజీ మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఆ సమాచారం మీ కంప్యూటర్లలో ఉన్నదే, కొత్తగా తయారు చేయాల్సింది ఏమీ లేదు.

రవాణా శాఖను:

ఋ) కొత్త కారుకు లైఫ్ ట్యాక్స్, రుసుములు ఎంతో విడివిడిగా తెలుగులో చూపే బోర్డు ప్రతి షోరూమ్‌లో క్యాష్ కౌంటర్ పక్కన పెట్టించండి. ట్యాక్స్ కట్టగానే కొనుగోలుదారుడి ఫోన్‌కు వెళ్లే మెసేజ్‌లో మొత్తం కాకుండా పద్దులు కనపడాలి. డీలరు వ్యాపారానికి కావాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది మీరే, రెన్యువల్ చేసేదీ మీరే. రెన్యువల్ రోజున ఆ డీలరు మీద వచ్చిన ఫిర్యాదుల ఫైలు బల్ల మీద ఉండాలి.

ఈ లేఖ చేరిన 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు ఆశిస్తున్నాం. రాకపోతే మా దగ్గరకొచ్చే ప్రతి కొనుగోలుదారుడి చేత మూడు పనులు చేయిస్తాం. హ్యాండ్లింగ్ చార్జీల రసీదుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నెంబరుకు ఫిర్యాదు. బలవంతపు పాలసీ మీద ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో, 155255 నెంబరులో ఫిర్యాదు. అప్పటికీ డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు అక్కడ ఫీజు 200 రూపాయలు, గడువు రెండేళ్లు. గత రెండేళ్లలో కొన్నవాళ్లు కూడా ఇన్వాయిస్, పాలసీ, రవాణా శాఖ రసీదు మూడూ పక్కపక్కన పెట్టుకుని కూడండి. షోరూమ్‌కు కట్టిన మొత్తంతో ఆ కూడిక కలవకపోతే, తేడా ఎంతో రాసి ఆ షోరూమ్ మేనేజర్‌కే ముందు ఉత్తరం పెట్టండి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఇట్లు,
కొత్త కారు కొనేవారికి కాగితాలు చూసిపెట్టే కొందరం